ముగింపు ముందే తెలిసిన భయం

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పుస్తకం గురించి, అంటే అమెరికన్ భయానక కథల రచయిత స్టీఫెన్ కింగ్ తొలి నవల 'క్యారీ' గురించి ఉన్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ప్రశ్నలను కొంత కుదించాను.

ప్రశ్న: డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఒకరి తర్వాత ఒకరం చేతులు మార్చుకుని 'క్యారీ' చదివాం. అప్పుడు నేను ఆ పుస్తకాన్ని కేవలం ప్రామ్, అంటే స్కూలు చివరి సంవత్సరం పిల్లల నాట్యోత్సవం, రాత్రి జరిగే విధ్వంసం కోసమే చదివాను, అది ఎప్పుడు వస్తుందా అని ఆత్రపడ్డాను. ఈ మధ్య మళ్ళీ చదివినప్పుడు మాత్రం ఆ రాత్రి దగ్గరపడుతున్న కొద్దీ పుస్తకం పక్కన పెట్టేయాలనిపించింది. భయం కంటే దుఃఖమే ఎక్కువగా కలిగింది. ఇది నా వయసు తెచ్చిన మార్పా, లేక నవలలోనే ఆ దుఃఖం ఉందా? — ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నవలలోనే ఉంది, అదీ మొదటి పేజీ నుంచీ ఉంది. చదవనివారి కోసం ముందుగా కథ కొద్దిగా చెప్పాలి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో చేంబర్లెన్ అనే కల్పిత పట్టణం. అక్కడ పదహారేళ్ల క్యారీ వైట్, మతోన్మాదంలో నిండా మునిగిన తల్లి మార్గరెట్‌తో కలిసి ఉంటుంది. తల్లి దృష్టిలో ఆడపిల్ల శరీరమే పాపం, అందుకే ఏ చిన్న తప్పు జరిగినా కూతుర్ని చీకటి గదిలో పెట్టి తాళం వేసి ప్రార్థన చేయిస్తుంది. స్కూల్లో వ్యాయామ తరగతి అయ్యాక షవర్ల గదిలో క్యారీకి మొదటిసారి బహిష్టు అవుతుంది. అదేమిటో ఆమెకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు కనుక చచ్చిపోతున్నానని హడలిపోతుంది. తోటి అమ్మాయిలు ఆమెను ఓదార్చడానికి బదులు శానిటరీ నాప్కిన్లు విసురుతూ గోల చేస్తారు. ఆ గుంపులో ఉన్న స్యూ స్నెల్ తర్వాత సిగ్గుపడి, క్యారీని ప్రామ్‌కు తీసుకెళ్ళమని తన స్నేహితుడు టామీ రాస్‌ను ఒప్పిస్తుంది. అదే గుంపులోని క్రిస్ హార్గెన్సన్ మాత్రం తనకు పడిన శిక్షకు పగ పట్టి, బిల్లీ నోలన్ అనే కుర్రాడి సాయంతో వేదిక మీద క్యారీ నెత్తిన పంది నెత్తురు కుమ్మరించే ఏర్పాటు చేస్తుంది. క్యారీకి మనసుతోనే వస్తువులను కదిలించగల శక్తి ఉందని వాళ్ళెవరికీ తెలియదు. ఆ రాత్రి స్కూలూ, దానితో పాటు పట్టణమూ తగలబడిపోతాయి.

ఇక మీ ప్రశ్న దగ్గరికి వస్తే, ఈ నవలకు ఉన్న విచిత్రమైన గుణం ఏమిటంటే, ఇందులో మొదటిసారి చదివేవారికీ ముగింపు తెలుసు. పుస్తకం 1966 నాటి ఒక పత్రికా వార్తతో మొదలవుతుంది: వైట్ల ఇంటి మీద ఆకాశం నుంచి రాళ్ళు కురిశాయని. తర్వాత కథ సాగుతుండగా మధ్యమధ్య విచారణ సంఘం నివేదికలూ, ఒక పరిశోధకుడి గ్రంథంలోని పుటలూ, వార్తా సంస్థల తంతి వార్తలూ, బతికి బయటపడినవారి జ్ఞాపకాలూ వస్తుంటాయి. వీటన్నింటినీ కింగే కల్పించాడు. పట్టణం నాశనమవుతుందనీ, క్యారీ చనిపోతుందనీ, టామీ చనిపోతాడనీ వీటి ద్వారా చాలా ముందే మనకు తెలిసిపోతుంది. 1974లో వచ్చిన నవల 1979లో జరిగిన ఘటనను ఎప్పుడో ముగిసిపోయిన చరిత్రలాగా చెబుతుంది. అందువల్ల ఏం జరుగుతుందన్న ఉత్కంఠ మీద ఈ పుస్తకం ఎన్నడూ ఆధారపడలేదు. యవ్వనంలో మనం ఆ కాగితాలను గబగబా దాటేసి ప్రామ్ వైపు పరుగెత్తుతాం. రెండోసారి పరుగెత్తవలసిన అవసరం ఉండదు కనుక వాటి మధ్యలో ఉన్నదాన్ని నిదానంగా చూస్తాం.

ఆ మధ్యలో ఉన్నది ఆశ. క్యారీ తన దుస్తులు తానే కుట్టుకుంటుంది, ఎర్రని వెల్వెట్ బట్టతో. తల్లి వద్దంటుంది, బెదిరిస్తుంది, ఏడుస్తుంది; అయినా ఆ పిల్ల కుట్టు ఆపదు. ప్రామ్ రోజు సాయంత్రం తయారై కూర్చుని, టామీ నిజంగా వస్తాడా, ఇది కూడా ఇంకొక ఎగతాళేమో అని ఎదురుచూస్తూ ఆమె పడే వేదన ఉన్న పేజీలు, నా దృష్టిలో నెత్తురు బకెట్ల పేజీలకంటే భయంకరమైనవి. వాడు వస్తాడు. హాల్లో ఒకరిద్దరు అమ్మాయిలు ఆమెతో మామూలుగా మాట్లాడతారు, ఆమె దుస్తులు బాగున్నాయంటారు. క్యారీ ఒక చిన్న చతురోక్తి విసిరితే ఎదుటివాళ్ళు నవ్వుతారు, అదీ ఆమెను చూసి కాదు, ఆమె మాటకు. జీవితంలో మొట్టమొదటిసారి ఆమె గది మూలన కాకుండా మనుషుల మధ్యలో నిలబడుతుంది. ఆ రాత్రి రాజూ రాణీ ఎన్నికలో మొదట క్యారీ, టామీల జంటకూ మరో జంటకూ ఓట్లు సమానంగా వచ్చి, మళ్ళీ ఓటింగ్ పెడతారు. కథ ఇంకొక వైపు తిరగడానికి ఎంత కొద్ది చాలునో ఆ ఘట్టంలో కింగ్ లెక్కగట్టినట్టు చూపిస్తాడు. ముగింపు తెలిసిన పాఠకుడు అక్కడ ఓట్లు ఆ రెండో జంటకు పడాలని కోరుకుంటాడు. అలా కోరుకునేలా చేయడమే ఈ నవల సాధించిన గొప్ప విషయం. పేజీ తిప్పాలనిపించలేదని మీరు రాసింది దీని గురించే అనుకుంటున్నాను.

రెండోసారి చదివితే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. క్యారీకి సాయపడబోయిన పెద్దలందరిలోనూ ఆమె పట్ల ఒక రకమైన ఏవగింపు ఉంది, దాన్ని దాటాలని వాళ్ళు పెనుగులాడుతుంటారు. వ్యాయామ ఉపాధ్యాయిని మిస్ డెజార్డిన్ షవర్ల గదిలోకి వచ్చినప్పుడు ముందుగా చేసిన పని, భయంతో కేకలు పెడుతున్న ఆ పిల్లను చెంపదెబ్బ కొట్టడం. విషయం అర్థమైన తర్వాతే జాలి మొదలవుతుంది. ఆఫీసులో ఉప ప్రధానోపాధ్యాయుడు ఆమె పేరు కూడా సరిగా పలకలేకపోతాడు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. డెజార్డిన్ తర్వాత ఆ అమ్మాయిలందరినీ నిలదీసి శిక్ష వేస్తుంది, ప్రధానోపాధ్యాయుడు గ్రేల్ క్రిస్ తండ్రి అయిన లాయరు బెదిరించినా చలించడు. అంతా అయిపోయాక ఇద్దరూ ఉద్యోగాలకు రాజీనామా చేస్తారు. కానీ ఏ ఒక్కరూ ఆ పిల్ల ఇంటి తలుపు తట్టి లోపల ఏం జరుగుతోందో చూడలేదు. ఆ తల్లి సంగతి ఊరంతటికీ తెలుసు, రాళ్ళు పడిన సంగతీ వీధి వీధికీ తెలుసు. తెలిసీ ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండిపోయారు.

ఆ నివేదికల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాటిని చాలామంది కథకు అడ్డం పడే సరుకుగా భావిస్తారు. నేను అలా అనుకోను. పరిశోధకుడు ఈ శక్తి వంశపారంపర్యంగా ఎలా వస్తుందని చర్చిస్తాడు, సంఘం బాధ్యులెవరని అడుగుతుంది, నిజంగా మంచి చేయబోయిన స్యూనే అందరూ అనుమానిస్తారు, చివరికి ఆమె తన పేరుతో ఒక పుస్తకం రాసి తన మాట చెప్పుకోవలసి వస్తుంది. ఇంత కాగితం ఖర్చయినా క్యారీ ఎవరో వాటిలో ఒక్కదానికీ తెలియదు. ఆమె మనసులోని మాటలు కథనం మధ్యలో కుండలీకరణాల్లో, విరామ చిహ్నాలు లేకుండా, వాక్యాన్ని తెంచుకుని బయటికి వస్తుంటాయి. ఆమె గొంతు వినిపించే చోటు అదొక్కటే. బతికుండగా స్కూలు ఆమెను చూడలేదు, చనిపోయాక పండితులూ చూడలేదు. మీకు కలిగిన దుఃఖంలో కొంత భాగం ఈ నిర్మాణం నుంచే వచ్చిందని నా నమ్మకం.

ప్రశ్న: నేను హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. నవల మొదట్లో క్యారీ శరీరాన్ని, మొటిమలను, లావును రచయిత వర్ణించిన తీరు నాకు చాలా ఇబ్బంది కలిగించింది. ఏడిపించే పిల్లల కళ్ళతోనే రచయిత కూడా ఆమెను చూస్తున్నాడనిపించింది. అసలు రచయిత ఆమె పక్షాన ఉన్నాడా? — ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు పట్టుకున్నది నిజమే, దానికి రచయితే సాక్ష్యం చెప్పాడు. 2000లో రాసిన ఆత్మకథాత్మక గ్రంథం 'ఆన్ రైటింగ్'లో కింగ్, తనకు క్యారీ అంటే మొదట్లో ఇష్టం కలగలేదని దాచకుండా రాశాడు. ఆ పుట్టుక కథ మీకు ఉపయోగపడుతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

అప్పటికి కింగ్ మీలాగే బడిపంతులు. మెయిన్ రాష్ట్రంలోని హ్యాంప్డెన్ అకాడమీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు, భార్య టాబితా, ఇద్దరు పిల్లలతో హెర్మన్ అనే ఊళ్ళో ఒక ట్రెయిలర్ ఇంట్లో కాపురం ఉండేవాడు. టెలిఫోను కూడా పెట్టుకోలేని స్థితి. బట్టలు ఉతికే చిన్న గదిలో టైపురైటరు పెట్టుకుని రాసేవాడు. అంతకు ముందెప్పుడో ఒక హైస్కూల్లో పారిశుద్ధ్య పని చేసినప్పుడు ఆడపిల్లల షవర్ల గది శుభ్రం చేస్తూ చూసిన దృశ్యమూ, కౌమారంలో ఉన్న ఆడపిల్లల్లో ఇటువంటి శక్తులు కనిపిస్తాయంటూ ఒక పత్రికలో చదివిన వ్యాసమూ కలిసి ఈ కథకు బీజం పడింది. మూడు పేజీలు రాసి, ఇది నాకు తెలియని లోకం అనుకుని చెత్తబుట్టలో పడేశాడు. టాబితా ఆ కాగితాలను తీసి, సిగరెట్ బూడిద దులిపి చదివి, మిగతాది రాయమంది. ఆడపిల్లల సంగతులు తెలియకపోతే తాను చెబుతానంది. నవలను ఆమెకే అంకితం ఇచ్చాడు. డబుల్‌డే సంస్థ 2,500 డాలర్ల అడ్వాన్సు ఇచ్చింది. తర్వాత పేపర్‌బ్యాక్ హక్కులు 4,00,000 డాలర్లకు అమ్ముడైతే అందులో సగం కింగ్‌కు వచ్చింది, దానితో ఉద్యోగం మానేసి పూర్తికాలం రచయిత అయ్యాడు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇంకొకచోట ఉంది. క్యారీని మలచడానికి కింగ్ తనతో చదువుకున్న ఇద్దరు అమ్మాయిలను గుర్తు చేసుకున్నాడు. ఒకరి ఇంట్లో హాలు గోడ మీద దాదాపు మనిషంత ఎత్తు సిలువ ఉండేదట. రెండో అమ్మాయి రోజూ అవే బట్టలతో స్కూలుకు వచ్చేది. ఒక క్రిస్మస్ సెలవుల తర్వాత కొత్త బట్టలు వేసుకుని, జుట్టు తీర్చుకుని, ముఖం వెలిగిపోతూ వచ్చింది. ఆ రోజు తోటివాళ్ళు ఆమెను అంతకు ముందుకంటే ఎక్కువ ఏడిపించారు. ఆమె బయటపడడానికి చేసిన ప్రయత్నాన్నే వాళ్ళు క్షమించలేకపోయారు. నవల రాసే నాటికి ఆ ఇద్దరూ లేరు, చిన్న వయసులోనే చనిపోయారు. ఈ సంగతి తెలిశాక ఎర్రని వెల్వెట్ దుస్తుల ఘట్టాన్ని మళ్ళీ చదవండి, రచయిత ఎవరి పక్షాన ఉన్నాడో సందేహం మిగలదు.

అయినా మీ అభ్యంతరాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. మొదటి ఇరవై ముప్పై పేజీల్లో ఆ చూపు కఠినంగానే ఉంది. పాఠకుణ్ణి ముందుగా ఏడిపించే గుంపులో నిలబెట్టి, తర్వాత మెల్లగా క్యారీ లోపలికి తీసుకెళ్ళడం రచయిత ఎత్తుగడ అని సమర్థించవచ్చు, చాలావరకు అది నిజం కూడా. కానీ కొన్ని వాక్యాలు ఆ ఎత్తుగడకు అవసరమైనదానికంటే ముందుకు వెళ్ళాయి; ఇరవై అయిదేళ్ళ యువకుడు, తనకు తెలియని శరీరం గురించి రాస్తూ పడిన తొట్రుపాటు వాటిలో కనిపిస్తుంది. క్రిస్, బిల్లీ పాత్రలు కూడా అంత లోతైనవి కావు. దుర్మార్గానికి కారణం వెతికే ఓపిక రచయితకు అప్పటికి లేదు. మార్గరెట్ విషయంలో మాత్రం ఉంది: ఆమె లాండ్రీలో ఒళ్ళు హూనమయ్యే పని చేసి కూతుర్ని పోషిస్తుంది, తన పద్ధతిలో కూతుర్ని ప్రేమిస్తుంది కూడా. కింగ్ స్వయంగా ఒక లాండ్రీలో ఆసుపత్రుల, హోటళ్ళ దుప్పట్లు ఉతికినవాడు కనుక ఆ శ్రమ ఆయనకు తెలుసు. ఆ తల్లిని కేవలం రాక్షసిగా చూడనివ్వకపోవడం ఈ చిన్న నవలలోని పరిణతి.

ప్రశ్న: మన ఊళ్ళల్లో ఆడపిల్ల పెద్దమనిషైతే పేరంటాళ్ళను పిలిచి వేడుక చేస్తారు. అలాంటి చోట పుట్టి పెరిగినవాళ్ళకు షవర్ల గది దృశ్యం నిజంగా అందుతుందా? — ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: అందుతుంది, పైగా కొంత వేరే వైపు నుంచి అందుతుంది. క్యారీకి ఎవరూ ఏమీ చెప్పలేదు. మన దగ్గర అమ్మమ్మ, మేనత్త, పిన్ని అందరూ చేరతారు, చాప వేసి కూర్చోబెడతారు, చిమ్మిలి పెడతారు, మేనమామ చీర తెస్తాడు, కొన్ని ఊళ్ళల్లో ఇప్పుడు ఫ్లెక్సీ కూడా కడుతున్నారు. పైకి చూస్తే ఇవి రెండూ పూర్తి విరుద్ధం. కానీ ఆ రోజు ఆ పిల్ల స్థానంలో ఉండి చూడండి: తన శరీరంలో జరిగిన విషయం ఎవరికి తెలియాలో నిర్ణయించే హక్కు అక్కడ క్యారీకి లేదు, ఇక్కడ మన పిల్లకూ లేదు. వేడుక జరిగిన మరుసటి వారం స్కూలుకు వెళ్ళిన ఆడపిల్లను మగపిల్లలు ఏమని పిలుస్తారో, బెంచీ మీద ఏం రాస్తారో మనకు తెలియనిది కాదు. క్యారీ పేరు పక్కన బూతుమాట చెక్కిన బల్ల ఈ నవల తొలి పేజీల్లోనే ఉంది. అది అమెరికా బల్ల అని మన పాఠకురాలికి ఎవరూ వివరించనక్కర్లేదు.

ఒక తేడాను మాత్రం మరచిపోకూడదు. వేడుకలో లోటుపాట్లు ఎన్ని ఉన్నా, మన పిల్ల చుట్టూ ఆ రోజు ఆడవాళ్ళు ఉంటారు, నొప్పి వస్తే అడిగే మనిషి ఉంటుంది. క్యారీ ఇంటికి వెళ్ళి, నాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగినప్పుడు తల్లి కొట్టి, పాపం చేశావని ప్రార్థన గదిలోకి తోస్తుంది. షవర్ల గది కంటే ఇంట్లో జరిగిన ఆ సంభాషణ నాకు ఎక్కువ భయం కలిగించింది, ఎందుకంటే అక్కడితో ఆమెకు పరుగెత్తి వెళ్ళడానికి ఇంకొక చోటు లేకుండా పోయింది.

ప్రశ్న: 1976లో వచ్చిన సినిమా చూశాను. ఇక నవల చదవవలసిన అవసరం ఉందా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంది. బ్రయన్ డి పాల్మా తీసిన ఆ చిత్రం గొప్పది. క్యారీగా సిసీ స్పేసెక్, తల్లిగా పైపర్ లారీ ఇద్దరూ ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు. కానీ సినిమాలో క్యారీ సన్నగా, సుకుమారంగా ఉంటుంది, నవలలోని అమ్మాయి అలా ఉండదు. అందంగా లేని పిల్ల మీద కూడా జాలి చూపించగలమా అన్న పరీక్షను సినిమా మనకు పెట్టదు. సినిమాలో విధ్వంసం చాలావరకు స్కూలు హాల్లోనే ముగుస్తుంది, నవలలో పట్టణమంతా తగలబడుతుంది. తల్లి మరణం కూడా వేరు: సినిమాలో వంటింటి కత్తులు ఎగిరివచ్చి గుచ్చుకుంటాయి, నవలలో క్యారీ తన శక్తితో తల్లి గుండెను నిదానంగా ఆపేస్తుంది. సమాధి నుంచి చేయి పైకి లేచే ఆ ప్రసిద్ధమైన చివరి దృశ్యం పుస్తకంలో లేదు.

అన్నింటికంటే ముఖ్యంగా, సినిమాలో లేని రెండు ఘట్టాల కోసం నవల చదవాలి. మొదటిది, స్కూలు తగలబడిన తర్వాత క్యారీ చర్చిలోకి వెళ్ళి మోకరిల్లి ప్రార్థించడం. అక్కడ ఆమెకు ఎవరూ జవాబివ్వరు. రెండోది, తల్లి కత్తిపోటుతో నెత్తురోడుతూ పడివున్న క్యారీని స్యూ వెతుక్కుంటూ వచ్చి కలుసుకోవడం. నన్ను మోసం చేశావని క్యారీ మాటల్లేకుండానే నిందిస్తే, స్యూ వాదించదు, నా మనసులోకి వచ్చి చూసుకో అంటుంది. క్యారీ చూస్తుంది. అక్కడ తన మీద ద్వేషం లేదని తెలుసుకుంటుంది, తర్వాత అమ్మను పిలుస్తూ చనిపోతుంది. నవల మొత్తంలో ఇద్దరు మనుషులు ఒకరినొకరు నిజంగా చూసుకున్న చోటు అదే, అది కెమెరాకు అందేది కాదు.

ప్రశ్న: నవల చివర ఎవరో ఒక స్త్రీ తన అక్కకో చెల్లెలికో రాసిన ఉత్తరం ఉంది. అది రెండో భాగం కోసం వదిలిన సూచనా? — ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కింగ్ రెండో భాగం రాయలేదు. 1999లో అదే పేరును వాడుకుంటూ ఒక సినిమా వచ్చింది గాని, దానికి ఆయన నవల ఏదీ ఆధారం కాదు. ఆ ఉత్తరాన్ని భయపెట్టే సూచనగా చదవడం మామూలే: 1988లో టెన్నెసీ రాష్ట్రం నుంచి ఒక తల్లి, తన చిన్న కూతురు గోళీలను ముట్టుకోకుండానే కదిలిస్తోందని రాస్తుంది. అయితే ఆ ఉత్తరం స్వరం గమనించండి. చదువు అంతగా లేని ఆ తల్లి అక్షరదోషాలతో, ఉత్సాహంగా, నవ్వుతూ రాస్తుంది. తమ ముసలమ్మ కూడా ఇలాంటివే చేసేదని గుర్తు చేసుకుంటుంది. ఈ పిల్ల పెద్దయ్యాక ప్రపంచాన్ని జయిస్తుందని మురిసిపోతుంది. అదే శక్తి మార్గరెట్ ఇంట్లో పుడితే సైతాను పని అయింది. ఈ ఇంట్లో అది ముద్దు.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి లైబ్రరీ నుంచి ఈ నవల తెచ్చుకుంది. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఇష్టంగా చదివిన పుస్తకమే అయినా, దాని చేతిలో చూసేసరికి భయం వేసింది. కొంతకాలంగా అది స్కూలు గురించి ఏమీ చెప్పడం లేదు, మధ్యాహ్నం అన్నం డబ్బా అలాగే తిరిగి తెస్తోంది. పుస్తకం లాగేసుకోవాలా? — ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: లాగేసుకోకండి. ఈ నవలను అమెరికాలో కొన్ని స్కూలు లైబ్రరీల నుంచి తీసేయాలన్న వాదనలు వచ్చాయి, తీసేసిన చోట్లూ ఉన్నాయి. అలా తీసేసినందువల్ల ఏ పిల్లా స్కూల్లో సుఖపడలేదు. ఇందులో హింస ఉంది, బూతులు ఉన్నాయి, శృంగార ఘట్టాలు కొన్ని ఉన్నాయి, ఇంట్లో తల్లి పెట్టే హింస ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల చదవకూడనంత ఘోరం లేదు గాని, ఒంటరిగా చదివి లోపలే దాచుకోవలసిన పుస్తకం కాదు. మీరూ ఇంకొక ప్రతి తెచ్చుకుని మళ్ళీ చదవండి, అదీ ఆ అమ్మాయికి చెప్పి చదవండి.

మీ భయం వెనుక ఉన్న విషయాన్ని కూడా దాటవేయకూడదు. 1974లో ఈ కథ అసాధ్యమైన కల్పన. 1999లో కొలంబైన్ హైస్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత, అమెరికా స్కూల్లో అవమానం, ప్రతీకారం, సామూహిక మరణం అన్న వరసను ఎవరూ కల్పనగా చదవలేకపోయారు. కింగ్ కూడా ఈ బరువు ఎరిగినవాడే. స్కూల్లో తుపాకీ పట్టిన విద్యార్థి గురించి తాను మారుపేరుతో రాసిన 'రేజ్' అనే మరో నవలను, 1997లో కెంటకీ రాష్ట్రంలో కాల్పులు జరిపిన కుర్రాడి దగ్గర దాని ప్రతి దొరికిన తర్వాత, ఆయనే ముద్రణ నుంచి ఉపసంహరించుకున్నాడు. 'క్యారీ'ని మాత్రం ఉపసంహరించుకోలేదు. రెండింటికీ తేడా ఉంది. 'క్యారీ' ప్రతీకారాన్ని విజయంగా చూపించదు. ఆ పిల్ల చేతిలో చనిపోయినవాళ్ళలో తనతో మంచిగా మాట్లాడినవాళ్ళూ ఉన్నారు, చివరికి ఆమెకు కావలసింది అమ్మ. ఏడిపింపులు పడుతున్న పిల్లల్లో చాలామంది ఈ కథలో వెతుక్కునేది తగలబెట్టే శక్తిని కాదు, తమకు జరుగుతున్నది ఎవరో ఒకరు రాశారన్న ఊరటను.

అయితే అన్నం డబ్బా సంగతి పుస్తకంకంటే ముందు చూడాలి. తినకుండా తెస్తోందంటే, ఎక్కడ కూర్చుని తినాలో, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక కావచ్చు, డబ్బాలో ఉన్న మన వంటను చూసి ఎవరైనా ముక్కు మూసుకుని ఉండవచ్చు, లేదా కారణం పూర్తిగా వేరే కావచ్చు. "నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నారా" అని సూటిగా అడిగితే చాలామంది పిల్లలు లేదంటారు. పుస్తకం మీకు దారి ఇస్తుంది: షవర్ల గదిలో స్యూ ఎందుకు కేకలు వేసిందనుకుంటున్నావు, మీ స్కూల్లో అయితే ఎవరు ఆపేవాళ్ళు, మిస్ డెజార్డిన్ లాంటి టీచరు ఎవరైనా ఉన్నారా అని అడగండి. పిల్ల క్యారీ గురించి మాట్లాడుతూనే తన గురించి చెబుతుంది. చెప్పినప్పుడు వెంటనే సలహా ఇవ్వకండి, మేము చదువుకునే రోజుల్లో ఇంతకంటే ఎక్కువ పడ్డామని అనకండి.

వేధింపు జరుగుతోందని తెలిస్తే స్కూలుకు ఫోను చేసి ఊరుకోవద్దు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు అని తేదీలతో రాసి ఈమెయిల్ పంపి, రాతపూర్వకమైన జవాబు అడగండి. న్యూజెర్సీలో స్కూళ్ళు ఇలాంటి ఫిర్యాదులను విచారించి తీరాలని చట్టం ఉంది, ప్రతి స్కూల్లోనూ అందుకు బాధ్యత వహించే నిపుణుడు ఉండాలి. ఆ వ్యక్తి పేరు అడిగి తెలుసుకోండి. నవలలో ప్రధానోపాధ్యాయుడు గ్రేల్, డబ్బూ పలుకుబడీ ఉన్న లాయరు ముందు నిలబడగలిగింది కూడా క్రిస్ చేసిన పనులన్నీ స్కూలు రికార్డుల్లో నమోదై ఉన్నందువల్లే. అమ్మాయి మాటల్లో బతకాలని లేదన్న ధ్వని ఏ కొంచెం వినిపించినా, అదే రోజు అమెరికాలో ఆత్మహత్యల నివారణ సహాయ నంబరైన 988కు ఫోను చేయండి; అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. ఇదే ప్రశ్న ఆంధ్ర, తెలంగాణల్లోని తల్లిదండ్రులది అయితే, పిల్లల కోసం 1098, మానసిక ఆరోగ్య సహాయానికి టెలి మానస్ 14416 ఉన్నాయి, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.